గెడ్డ మలుపులో కొబ్బరికాయలు

మా బావ చిన్న ట్రక్కు ఖాళీగా వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు. ఉద్దానంలో ఎవరూ అలా తోలరు. పలాసలో సరుకు దించేశాక కూడా వెనక తొట్టిలో ఓ బుట్టెడు కొబ్బరికాయలు మిగుల్చుకునే ఇంటికి బయల్దేరతారు. ఖాళీ బండి గతుకుల మీద గెంతుతుందనీ, వెనక చక్రాలు నేలను వదిలేస్తాయనీ వాళ్ళ నమ్మకం. అందులో కొంత నిజం ఉంది. మిగతావాళ్ళు ఆ కాయల్ని గోనెసంచిలో వేసి మూతి కట్టి ఓ మూల పడేస్తారు. బావ మాత్రం పీచు తీయని కాయల్ని అలాగే విడిగా తొట్టిలో వదిలేసేవాడు.

"సంచిలో కడితే మాటాడవు," అనేవాడు.

పలాస నుంచి సముద్రం వైపు వాళ్ళ ఊరికి వెళ్ళే దారిలో, జీడితోటలు అయిపోయి కొబ్బరితోటలు మొదలయ్యే చోట ఒక గెడ్డ అడ్డంగా పారుతుంది. వానాకాలం తప్పితే అందులో నీళ్ళు పెద్దగా ఉండవు. దాని మీద చిన్న మదుం, అంటే కల్వర్టు. మదుం దిగగానే రోడ్డు ఒక్కసారిగా ఎడమకు తిరుగుతుంది. అక్కడ తొట్టిలో కాయలన్నీ కుడివైపు రేకుకి దొర్లి దబదబా గుద్దుకుంటాయి. స్టీరింగు పట్టుకున్న మనిషికి ఆ చప్పుడు సరిగ్గా వీపు వెనకే వినిపిస్తుంది.

బావకి స్పీడు మీటరు అదే. అసలు మీటరులో ముల్లు ఎప్పుడో పడిపోయింది, ఆయన బాగు చేయించలేదు. మలుపు సగంలో, వంగిన తాటిచెట్టు దగ్గర కాయలు దొర్లితే సరిగ్గా వెళ్తున్నట్టు. మదుం మీదే దొర్లాయంటే మితిమీరినట్టు. అసలు దొర్లకపోతే ముసలోడిలా తోలుతున్నట్టు. బండి కొన్నప్పటి నుంచీ ఆ మలుపుని ఆయన చెవులతోనే తిప్పాడు.

నేను టెక్కలిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. బావ మా అప్ప భర్త. మా వైపు అక్కని అప్ప అంటాం. మాటని కొలిచి వాడాలని పట్టుబట్టే రకం నేను. బలానికీ బరువుకీ తేడా తెలీకుండా మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు చిర్రెత్తుకొస్తుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప ఇంకోటి రాదని మా ఆవిడ నన్ను విసుక్కుంటుంది. అందుకే బంధువుల్లో ఎవరూ నాతో వాదనకి దిగరు. బావ ఒక్కడే దిగుతాడు, అదీ నవ్వుతూ, అది నాకు ఇంకా మంట.

ఆయనకి కార్ల రేసుల పిచ్చి ఎక్కడ అంటుకుందో తెలీదు. కొబ్బరితోట ఉన్న ఆసామి, తన కాయలు తానే పలాస తోలుకునే మనిషి, పొద్దస్తమానం ఫోనులో రేసులు చూసేవాడు. యూరపు దేశాల రేసులు మనకి ఆదివారం సాయంత్రం పూట మొదలవుతాయి. కాలేజీ సెలవు కాబట్టి నేను టెక్కలిలో బస్సెక్కి పలాసలో దిగేవాణ్ణి, ఆయన బండి వేసుకుని వచ్చేవాడు. ఇంటికెళ్ళి టీవీ ముందు కూర్చునేవాళ్ళం. కామెంటరీ మాత్రం పెట్టనిచ్చేవాడు కాదు.

"ఆడి గోల నాకెందుకు? మలుపు నాకు కనపడతంది కదా," అనేవాడు.

ఒకసారి రేసు మొదలయ్యేలోపు ఫోనులో ఏదో నలుపూ తెలుపు వీడియో పెట్టి నా ముందుకి తోశాడు. పొడుగ్గా, కీరదోసకాయల్లా ఉన్న కార్లు. సన్న చక్రాలు. మలుపులో నాలుగు చక్రాలూ పక్కకి జారుతుంటే డ్రైవర్లు స్టీరింగుని ఇటూ అటూ కొడుతూ నెట్టుకొస్తున్నారు.

"ఏటి మేస్టరూ, ఈ పాత కార్లు పక్కకి జారిపోతన్నాయి, మన టీవీలోయి పట్టాలేసినట్టు పోతన్నాయి. టైర్లేనా తేడా?"

"టైర్లు కొంత. అసలుది గాలి, బావా."

"గాలికి కారు లేత్తాది గానీ దిగుద్దేటి?"

ఆ ప్రశ్న బాగుంది, అది ఒప్పుకుంటాను. మొదట్లో నిజంగానే లేచేవి. ఆ దోసకాయ కార్లకి వేగం పెరిగేకొద్దీ గాలి కిందనుంచి దూరి నేల మీద పట్టు తగ్గించేది. తర్వాత ఎవరికో తట్టింది, విమానం రెక్కని తిరగేసి బిగిస్తే విమానాన్ని ఎత్తే గాలే కారుని కిందికి అదుముతుందని. అరవైల చివర్లో సన్నటి కడ్డీల మీద, కారుకి ఎంతో ఎత్తున రెక్కలు నిలబెట్టారు. మలుపుల్లో వేగం పెరిగింది. కొన్ని కడ్డీలు నడుస్తుండగానే విరిగాయి. రెక్క విరిగిన కారు ఎటు పోతుందో డ్రైవరుకి కూడా తెలీదు. దాంతో అంత ఎత్తు రెక్కలు వద్దని రూలు పెట్టారు.

ఇదంతా చెబితే బావ, "అయితే నా కాయల్లాగే," అన్నాడు.

"కాదు."

"ఎందుక్కాదు? నా కాయలూ బండిని అదుముతన్నాయి కదా?"

నాకు ఒళ్ళు మండింది. ఇంటర్ పిల్లలు కూడా ఇదే తప్పు రాస్తారు. బరువు రెండు పనులు చేస్తుందని చెప్పాను. బండిని నేలకి అదుముతుంది నిజమే, మలుపు దగ్గర మాత్రం నేను తిన్నగానే పోతానని మొండికేస్తుంది. ఎంత పట్టు ఇస్తుందో అంత పనీ పెంచుతుంది, చివరికి మిగిలేది ఏమీ లేదు. పైగా విడిగా ఉన్న కాయలు మలుపులో బయటివైపుకే దొర్లుతాయి, అది ఇంకా అన్యాయం. గాలి అలా కాదు. కారుని అదుముతుంది గానీ దాన్ని మోసుకుని మలుపు తిప్పాల్సిన పని లేదు. బరువు లేని బరువు అన్నమాట.

"బరువు లేని బరువు," అన్నాడు బావ. "ఓలమ్మ, మీ మేస్టర్లు దేన్నైనా అమ్మేత్తారు."

లోపలి నుంచి అప్ప నవ్వడం వినిపించింది. కాయలు మాత్రం ఆయన సంచిలో కట్టలేదు.

ఆ తర్వాత చాలా ఆదివారాలు మాకదే పాఠం. డెబ్భైల్లో కారు అడుగునే తిరగేసిన రెక్కలా మలిచి, పక్కల నుంచి గాలి చొరబడకుండా నేలకి రాసుకునే పలకలు వేలాడదీశారు. "కారుకి పరికిణీ కట్టారేటి," అన్నాడు బావ. నవ్వులాట ఎలా ఉన్నా, కింద గాలి పలచబడి కారుని నేల పీల్చుకున్నట్టు ఉండేది. మలుపుల్లో అంతకుముందు ఎవరూ ఊహించని వేగాలు వచ్చాయి. కానీ ఆ పలక ఎక్కడైనా ఇరుక్కుని ఒక్క క్షణం పైకి లేస్తే పట్టు మొత్తం ఒకేసారి పోయేది. అవీ తీసేశారు, అడుగు చదునుగా ఉండాలన్నారు. ఇంకొకరెవరో వెనకాల పెద్ద ఫ్యాను పెట్టి కింది గాలిని లాగేశారు, అది ఒక్క రేసుతోనే ఇంటికెళ్ళిపోయింది. తర్వాత కంప్యూటరు కారు ఎత్తుని సర్దడం మొదలైంది, దాన్నీ ఆపారు. ఘోరమైన ప్రమాదాలు జరిగాక కారు నేలకి మరీ అంటుకోకుండా అడుగున చెక్క పలక బిగించమన్నారు. రేసయ్యాక ఆ పలక ఎంత అరిగిందో కొలుస్తారు.

బావకి ఆ పలక తెగ నచ్చింది. "కోట్ల కారుకి కింద సెక్క. ఇదీ పని," అని ఊరందరికీ చెప్పాడు.

ఆయనకి పాత దోసకాయ కార్లంటేనే ఇష్టం. కారణం కూడా చెప్పేవాడు. అవి జారే ముందు చెబుతాయి. టైరు మూలుగుతుంది, వెనకభాగం ఊగుతుంది, డ్రైవరు సర్దుకుంటాడు. ఇప్పటి కారు అలా కాదు. మలుపులో మనిషిని తన బరువుకి అయిదింతలు పక్కకి నొక్కేస్తూ పట్టాల మీద ఉన్నట్టే ఉంటుంది, ఆ గాలి చెదిరితే మాత్రం ముందు మాట చెప్పదు.

"కొత్తయి మాటాడకండా వదిలేత్తాయి," అనేవాడు.

కొత్తవాటి గురించి నేను చెప్పిన ఒక ముక్క మాత్రం ఆయన మనసులో బాగా దిగింది. గాలి పట్టు వేగాన్ని బట్టి వస్తుంది. వేగం రెండింతలైతే పట్టు నాలుగింతలు. కాబట్టి పెద్ద పెద్ద మలుపుల్లో భయపడి యాక్సిలరేటరు మీంచి కాలు తీసినవాడికి ఆ పట్టు కూడా పోతుంది, కాలు తీయనివాడు సజావుగా బయటికొస్తాడు. ఇది విని బావ తొడ మీద చరుచుకున్నాడు. అప్పటికి అది నాకొక ఫిజిక్స్ ముక్క, ఆయనకొక సరదా.

తర్వాత బావకి కాళ్ళు వాచాయి.

ఉద్దానంలో కాళ్ళు వాచిన మనిషికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ప్రతి వీధిలోనూ ఒకరో ఇద్దరో కిడ్నీ రోగులు ఉంటారు. పరీక్ష చేయించుకుని వచ్చి, చెప్పులు విప్పుతూ, "నాకూ వొచ్చేసింది మేస్టరూ," అన్నాడు, ఎదురుచూస్తున్న రైలు వచ్చినట్టు. అప్ప గుమ్మం పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. కొన్నాళ్ళు మందులతో నెట్టుకొచ్చారు. ఆ తర్వాత పలాసలో డయాలసిస్ మొదలైంది, రోజు విడిచి రోజు.

తాగే నీళ్ళకి కొలత పెట్టారు. అప్ప ఒక చిన్న స్టీలు గ్లాసు పక్కన పెట్టి దాంతోనే ఇచ్చేది. కొబ్బరినీళ్ళు ఆ రోగానికి విషం కాబట్టి పూర్తిగా బంద్. తోట నిండా బొండాలు వేలాడుతుంటే ఆయన వాటి కిందే తిరుగుతూ కూలీలకి కొట్టించి ఇచ్చేవాడు. నేను అటు చూడలేక తల తిప్పుకునేవాణ్ణి. ఆయన మాత్రం దానిమీద కూడా హాస్యాలే. డయాలసిస్‌కి ముందు తూకం వేస్తారు, తర్వాత మళ్ళీ వేస్తారు, ఆ తేడా లోపలి నుంచి లాగేసిన నీళ్ళు. "లోడుతో ఎల్తన్నాను, కాళీగా వొత్తన్నాను," అనేవాడు. ఖాళీ బండి గెంతుతుంది కదా అని, ఆ రోజుల్లో తొట్టిలో కాయలు ఒక బుట్ట ఎక్కువే వేసుకునేవాడు.

ఎందుకంటే బండి ఆయనే తోలేవాడు. వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ. డయాలసిస్ అయ్యాక రక్తపోటు పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి, తోలొద్దని సిస్టరు ఎన్నోసార్లు చెప్పింది. ఊళ్ళో మిగతా రోగులంతా కలిసి ఒక ఆటో మాట్లాడుకుని వెళ్తారు. అందులో ఇంకొకరికి చోటుంది.

"ఆ ఆటోలో నలుగురు పేసెంట్ల మజ్జిని కూకుంటే నానూ పేసెంటునైపోతాను," అన్నాడు బావ.

పోనీ డ్రైవర్ని పెట్టుకోమంటే నా బండి ఇంకొకడు తోలడమేమిటన్నాడు. పక్కన కూర్చుని రోజు విడిచి రోజు ఆ గెడ్డ దాటేది అప్ప. ఒకరోజు నాకు ఫోన్ చేసింది.

"తమ్ముడూ, నీ మాటైతే ఇంటాడు. ఆ బండి తాళం తీసీసుకో. నానడిగితే అన్నం మానేత్తన్నాడు. మొన్న మదుం కాడ సెయ్యి జారింది. నాను స్టీరింగు పట్టుకున్నాను. నాకేటి తెలుసు స్టీరింగు గురించి?"

ఆ ఆదివారం రేసు నడుస్తుండగానే మాట ఎత్తాను. అవి కొత్త రూల్స్‌తో చేసిన కార్లు. కొన్నేళ్ళ కిందట కారు అడుగున మళ్ళీ గాలి దూరే సొరంగాలు రానిచ్చారు, గాలి పీల్చుడు ఎక్కువై కార్లు తిన్నటి రోడ్డు మీద కూడా గెంతాయి. ఇప్పుడు మళ్ళీ పట్టు తగ్గించారు, తిన్నగా పోయేచోట రెక్కలు తెరుచుకుని మలుపులో మూసుకునేలా పెట్టారు. దాన్ని పట్టుకునే మొదలుపెట్టాను.

"చూశావా బావా, మలుపులో వేగం మితిమీరిన ప్రతిసారీ ఎవరో ఒకరు కూర్చుని తగ్గించాల్సి వచ్చింది. రెక్కలు కోశారు, పరికిణీ తీశారు, చెక్క బిగించారు. డ్రైవర్లు ఎవరూ తమంతట తాము తగ్గలేదు."

"అదే నానూ అంటన్నాను. తగ్గించినోడు తోలడు, తోలినోడు తగ్గడు."

"అప్పకి భయంగా ఉంది. ఆ తాళం నాకియ్యి."

ఆయన టీవీ మీంచి చూపు తిప్పలేదు. "నివ్వే సెప్పావు. కాలు తీత్తే పట్టు పోద్దని."

"అది రెక్కలున్న కార్లకి. నీ బండికి రెక్కల్లేవు. నువ్వు నెమ్మదిగా పోతే నీ పట్టు ఎక్కడికీ పోదు."

"బండికి కాదు మేస్టరూ, నాకు." అప్పుడు నావైపు తిరిగాడు. "ఈ తాళం ఇచ్చీసిన్నాడు నాను మంచమెక్కుతాను. మా ఈదిలో మంచమెక్కినోడు దిగడం నాను సూళ్ళేదు. బండి తోలినంతకాలం పలాస ఎల్లొచ్చినట్టుంటాది, ఆస్పత్రికెళ్ళినట్టుండదు. అది నీ లెక్కలో ఏ మూల కూకుంటాదో సెప్పు."

ఏ మూలా కూర్చోలేదు. అది ఒప్పుకోలేక గొంతు పెంచాను. నువ్వొక్కడివీ పోతే పోనీ, పక్కన మా అప్ప కూర్చుంటోంది అన్నాను. ఆయన ముఖం ముడుచుకుపోయింది. టీవీ కట్టేసి తోటలోకి వెళ్ళిపోయాడు. ఎవరు గెలిచారో కూడా తెలీకుండా ఆ సాయంత్రం నేను బస్సెక్కాను.

తర్వాత కొన్ని వారాలు నేను వెళ్ళలేదు. ఆ మధ్యలో అప్పకి జ్వరం వచ్చి మంచం దిగలేకపోయింది. పక్కన ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి కాలేజీకి సెలవు పెట్టి నేను వెళ్ళాను. బావ నన్ను చూసి, "ఏటి, రూల్సు రాయడానికొచ్చావా?" అన్నాడు. అంతే, రాజీ అయిపోయినట్టే.

వెళ్ళేటప్పుడు మలుపు కుడికి తిరుగుతుంది కాబట్టి కాయలు ఎడమకి, నా వెనక్కి దొర్లాయి, సరిగ్గా తాటిచెట్టు దగ్గర. ఆయన నావైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. ఆస్పత్రిలో ఆయన్ని మిషను దగ్గర పడుకోబెట్టాక నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. జీడిపప్పు ఫ్యాక్టరీల నుంచి కాల్చిన పిక్కల వాసన వస్తోంది. నా పక్కన కూర్చున్నవాళ్ళంతా ఎవరో ఒకరి కోసం వచ్చినవాళ్ళే. ఎవరూ రోగం గురించి మాట్లాడుకోవడం లేదు, కొబ్బరి ధర గురించీ, సంతబొమ్మాళి వైపు కుదిరిన ఒక పెళ్ళి గురించీ మాట్లాడుకుంటున్నారు.

మధ్యాహ్నం ఆయన బయటికొచ్చాడు. పెదాలు తెల్లబడి ఉన్నాయి. బండి నేను తోలతానన్నాను.

"నీది కారు లైసెన్సు. ఇది లోడు బండి," అన్నాడు.

"లోడేముంది, కాయలేగా."

"అయే లోడు."

నేను తాళం లాక్కోవచ్చు. ఆ ఎండలో, ఆస్పత్రి గేటు ముందు, పదిమంది చూస్తుండగా ఆ పని చెయ్యడానికి నాకు చేతులు రాలేదు. ఎక్కి కూర్చున్నాను. దారంతా బావ బాగానే మాట్లాడాడు. పాత కార్లలో డ్రైవర్లు చొక్కా చేతులు మడుచుకుని తోలేవాళ్ళట, ఆ వీడియో నాకు చూపించాలట. రైల్వే గేటు దాటాం, జీడితోటలు వచ్చాయి. మాట మధ్యలో ఆగిపోయాడు. రోడ్డు మీద దృష్టి పెట్టాడేమో అనుకున్నాను.

మదుం మీద ఉండగానే కాయలు దొర్లాయి.

అంత పెద్ద చప్పుడు నేనెప్పుడూ వినలేదు. బుట్ట ఎక్కువ ఉంది కదా, అన్నీ ఒకేసారి వెళ్ళి రేకుని గుద్దాయి. ఒకటి ఎగిరి రోడ్డు మీద పడి గెంతుకుంటూ పోవడం అద్దంలో కనిపించింది. కుడి చక్రాలు ఇసకలోకి దిగాయి. తాటిచెట్టు కిటికీ పక్కనుంచి, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో వెళ్ళింది. నేను ముందున్న డాష్‌బోర్డుని రెండు చేతులా పట్టుకున్నాను. బావ చేతులు మాత్రం స్టీరింగు మీద ఎప్పటిలాగే ఉన్నాయి. ఎక్కడ తిప్పాలో అక్కడ తిప్పాయి, ఎక్కడ వదలాలో అక్కడ వదిలాయి. బండి ఇసకలోంచి మళ్ళీ తారు ఎక్కింది.

కొంతదూరం పోయాక, తోటలో కొబ్బరిపీచు ఆరబెట్టిన చోట, నెమ్మదిగా పక్కకి ఆపాడు. ఇంజను ఆపలేదు. ముందుకే చూస్తూ అడిగాడు.

"కాయలు దొల్లాయేట్రా?"

నన్ను ఆయన ఎప్పుడూ రా అనలేదు. పెళ్ళైన నాటి నుంచి మేస్టరే.

"దొర్లాయి బావా. మదుం మీదే."

"గట్టిగానా?"

"గట్టిగా. ఒకటి కింద పడిపోయింది."

తన చేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు.

"నాకినపళ్ళేదు," అన్నాడు. "మదుం ఎక్కడం తెలుసు. ఇక్కడ ఆపడం తెలుసు. మజ్జిలో ఏదీ లేదు."

తలుపు తీసుకుని దిగాడు. బండి ముందుభాగాన్ని పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ చుట్టూ తిరిగి నావైపు వచ్చి తలుపు తీశాడు. "జరుగు," అన్నాడు. నేను స్టీరింగు వైపు జరిగాను. తాళం చేతికివ్వడం లాంటిదేమీ జరగలేదు, అది బండికే ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఆయన చూడకుండా అద్దం సర్దుకుంటున్నట్టు నటించాను.

ఇంటి ముందు బండాగితే అప్ప దుప్పటి కప్పుకుని అరుగు మీదకొచ్చింది. స్టీరింగు దగ్గర నన్నూ, పక్కన ఆయన్నీ చూసింది. లోపలికెళ్ళి ఆ చిన్న స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చింది. తర్వాత పెరట్లో నూతి దగ్గర నిలబడి ముఖం కడుక్కుంటూ ఉండిపోయింది, ఎంతకీ రాలేదు.

ఇప్పుడు మామూలు రోజుల్లో ఊళ్ళోని డ్రైవరు ఒకతను తోలుతున్నాడు. నా కాలేజీ సెలవుతో కలిసొచ్చిన రోజు నేను తోలతాను. బావ మంచమెక్కలేదు, తోటలో తిరుగుతూనే ఉన్నాడు, ఆదివారం రేసులూ మానలేదు. కాయలు మాత్రం విడిగానే ఉండాలన్నాడు, వేస్తున్నాం. అవి బండికి ఏ పట్టూ ఇవ్వవని నేను ఇప్పటికీ చెబుతాను, ఆయన ఇప్పటికీ వినడు.

గెడ్డ దగ్గర నేను ఎంత నిదానంగా తోలతానంటే వెనక సైకిలు కూడా బెల్లు కొడుతుంది. తిరుగు ప్రయాణంలో ఆయన సీటుకి తల ఆనించి కళ్ళు మూసుకుంటాడు. మలుపు దాటాక అడుగుతాడు, "దొల్లాయేటి?"

"లేదు బావా."

"ముసలోడిలా తోల్తన్నావు మేస్టరూ," అంటాడు. అంత నిదానం ఎందుకో ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. కాయలు దొర్లకపోతే అవి ఆయనకి వినిపించాయా లేదా అన్న ప్రశ్నే రాదు.

మొన్న రెండో శనివారం తిరిగి వస్తున్నాం. మదుం దిగుతుండగా మోటారు సైకిలు ఒకటి మలుపులో మా వైపుకే వచ్చేసింది. బ్రేకు తొక్కి స్టీరింగు ఒక్క గుంజు గుంజాను. తొట్టిలో కాయలన్నీ కదిలి నా వీపు వెనక రేకుని దబదబా గుద్దాయి. పొలంలో గడ్డి కోస్తున్నవాళ్ళు తలెత్తి చూశారు. నేను బావ వైపు చూశాను. కళ్ళు మూసుకునే ఉన్నాడు, ముఖంలో ఏమీ కదల్లేదు.

కొబ్బరిపీచు ఆరబెట్టిన చోటు దాటాక ఎప్పటిలాగే అడిగాడు.

"దొల్లాయేటి?"

"లేదు బావా," అన్నాను.